శుభం కొరకు నిరీక్షించుచున్నది

మా శాఖలోని కంప్యూటరుకు తెలుగు రాదన్న సంగతి మొట్టమొదట కనిపెట్టినవారు మా కమిషనరు తారకేశ్వరం గారు. అంతకుముందున్న కమిషనర్లు దానికి పని వచ్చా రాదా అని మాత్రమే చూసేవారు.

మాది రాష్ట్ర కుటుంబ నమోదు శాఖ. ఏ ఇంట్లో ఎవరెవరు ఉన్నారో రాసిపెట్టుకుని, అడిగినవాళ్లకు కుటుంబ ధ్రువపత్రం అచ్చు వేసి ఇవ్వడం మా పని. ఆ అచ్చు వేసే ప్రోగ్రాము నా కంటే వయసులో పెద్దది. ఎవరు రాశారో గానీ పుణ్యాత్ములు, ఒక్కసారి కూడా మొరాయించకుండా రాశారు. నా పేరు ఫణీంద్ర. కాంట్రాక్టు ప్రోగ్రామరుని. ఆ ప్రోగ్రాము జోలికి ఎవరూ పోకుండా చూడటమే నా ఉద్యోగం, ఆ ఉద్యోగం నేను సరిగ్గా చెయ్యలేకపోయాను.

అధికార భాషా వారోత్సవాల్లో కమిషనరు గారు తనిఖీకి వచ్చి, నా భుజం మీంచి తెర వైపు వంగి చూశారు.

"ఇదంతా ఏమిటి?"

"ప్రోగ్రామండి."

"ఇందులో తెలుగేది?"

"ఉండదండి. యంత్రానికి అర్థమయ్యే భాష వేరే ఉంటుంది."

"ఈ కార్యాలయంలో పనిచేసే వారందరూ తెలుగులోనే వ్యవహరించాలని ఉత్తర్వు ఉందా, లేదా?"

"ఉందండి."

"ఇది ఇక్కడ పనిచేస్తోందా, లేదా?"

"చేస్తోందండి."

"మరి?"

ఆ 'మరి'తో తనిఖీ ముగిసింది. సాయంత్రానికల్లా కంప్యూటరు పేరిట మెమో వచ్చింది. 'అధికార భాషను ఉల్లంఘించినందులకు ఏల క్రమశిక్షణ చర్య గైకొనరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను' అని. కంప్యూటరు సంజాయిషీ ఇవ్వలేదు. అందుచేత మెమో నాకు బదిలీ అయింది.

పాత ప్రోగ్రామునంతా తెలుగులో తిరగరాయడం ఇప్పట్లో జరిగే పని కాదని నేను రాసిచ్చాను. దాని మీద సమావేశం పెట్టారు. సమావేశానికి మా శాఖ భాషా సలహాదారు వాచస్పతి గారు వచ్చారు. ఆయన మాట్లాడితే చివర 'అగును' అన్న మాట తప్పకుండా వినిపిస్తుంది, ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారని వాళ్లబ్బాయే నాతో అన్నాడు.

"ఒక భాషలో రాస్తూ మధ్యలో వేరొక భాషను ఉంచుట మీ విద్యలో సాధ్యమగునా?" అని అడిగారాయన.

సాధ్యమేనండి, మామూలుగా చేసేదే అని చెప్పాను. ఒక భాషలో రాసుకుంటూ వెళ్తాం, అవసరమైన చోట ఇంకో భాష ముక్క పెడతాం. ఇక్కడినుంచి పరాయి భాష మొదలు అని ఒక గుర్తు, ఇక్కడితో అయిపోయింది అని ఇంకో గుర్తు పెడతాం. ఆ రెండు గుర్తుల మధ్య ఉన్నదాన్ని యంత్రం ముట్టుకోకుండా, ఆ భాష తెలిసిన దానికి అప్పగిస్తుంది.

"అంటే పైన తెలుగు, కింద తెలుగు, మధ్యలో పాతది," అన్నారు కమిషనరు గారు.

"అవునండి."

"మధ్యలోది ఎంత ఉంటుంది?"

"దాదాపు అంతా అదేనండి."

"పరవాలేదు. తనిఖీకి వచ్చేవాళ్లెవరూ మధ్యలో చదవరు."

ఈ పద్ధతికి తెలుగు మాట కావాలి కాబట్టి, ఉంగరంలో రాయి పొదిగినట్టుగా ఉందని, వాచస్పతి గారు దానికి 'పొదుగు పద్ధతి' అని పేరు పెట్టారు. 'కుటుంబ నమోదు శాఖ యందు పొదుగు ప్రవేశపెట్టుట గురించి' అన్న ఫైలు సచివాలయానికి వెళ్లింది. అక్కడ ఎవరో పైన ఉన్న మాట చూసి పశుసంవర్ధక శాఖకు పంపారు. సదరు పొదుగు పూటకు ఎన్ని లీటర్లు ఇచ్చుచున్నదో తెలుపవలెనని వాళ్లు రాశారు. ఇది ఆ పొదుగు కాదు, పొదుగుటకు సంబంధించినది అని వాచస్పతి గారు వివరణ పంపారు. దాంతో ఫైలు కోళ్ల విభాగానికి వెళ్లింది. గుడ్ల సంఖ్య తెలపమన్నారు. నేను విసిగిపోయి, పాలూ లేవు గుడ్లూ లేవని నిల్ రిపోర్టు పంపాను. నిల్ రిపోర్టును ఆమోదిస్తూ ఉత్తర్వులు వచ్చేశాయి. మా పొదుగు పద్ధతికి ప్రభుత్వ అనుమతి లభించింది ఆ విధంగానే.

ఇక గుర్తులు మిగిలాయి. గుర్తు ఎంత వికారంగా ఉంటే అంత మంచిదని, మనిషన్నవాడు మామూలు రాతలో రాయనిదై ఉండాలని చెప్పి, కాగితం మీద రెండు చుక్కలూ మూడు నక్షత్రాలూ గీసి చూపించాను. వాచస్పతి గారు కళ్లు మూసుకున్నారు.

"తొలి తెలుగు ప్రోగ్రాము నుదుట ఈ చుక్కలా? మనవారు ఏ రాతకైనను 'శ్రీ'తో ఆరంభించి 'శుభం'తో ముగించుట ఆచారమగును."

"శ్రీ వద్దండి," అన్నాను. "అది మనవాళ్ల పేర్లలో ఉంటుంది."

"మంచిదే కదా," అన్నారు కమిషనరు గారు.

"పోనీ శ్రీ ఒక్కటే విడిగా ఉన్నప్పుడే గుర్తు కింద లెక్కేద్దామండి. పేరుతో కలిసి ఉంటే వదిలేద్దాం."

"శ్రీ ఎక్కడ ఉన్నను శ్రీయే అగును," అన్నారు వాచస్పతి గారు. "దానికి షరతులు పెట్టుటకు మనమెవరము?"

పరాయి భాష మొదలుకు శ్రీ, ముగింపుకు శుభం అని ఖాయం చేశారు. అంతటితో వదిలినా బాగుండేది. ప్రజల పేర్లన్నీ పాత ప్రోగ్రాములో, అంటే పరాయి భాష ఉన్న మధ్య భాగంలో ఉన్నాయని తెలిసి కమిషనరు గారికి ఆవేశం వచ్చింది. తెలుగువాళ్లను తీసుకెళ్లి పరాయి భాషలో కూర్చోబెడతారా అని కేకలేశారు. పేర్లన్నీ తెలుగు భాగంలోకి మార్పించారు. యంత్రం పలికే పలుకులు కూడా తెలుగులోనే ఉండాలని, వాటిని వాచస్పతి గారి చేత రాయించారు. నా అభ్యంతరాలను నమోదు చేయనవసరం లేదని తీర్మానించడమైనది. ఆ తీర్మానం మాత్రం నమోదైంది.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చి కొబ్బరికాయ కొట్టారు. మొదటి ధ్రువపత్రం ఎవరికివ్వాలా అని చూస్తే, వరసలో మొదట నిలబడి ఉన్నది శ్రీగౌరి.

శ్రీగౌరి మా ఆఫీసు గేటు పక్కన టిఫిను బండి నడుపుతుంది. ఊరు తణుకు. పెసరట్టు వేసినా మాట వేసినా అంచులు కరకరలాడుతుంటాయి. ముందు ఏడాది పరీక్ష రాస్తే, ప్రభుత్వ బాలికల హాస్టల్లో వంటల పర్యవేక్షకురాలి ఉద్యోగం వచ్చింది. నెలాఖరులోగా కుటుంబ ధ్రువపత్రం ఇస్తేనే చేర్చుకుంటారు, లేకపోతే తర్వాతి పేరుకి ఇచ్చేస్తారు. ఎండలో పొయ్యి దగ్గర నిలబడి బతికిన మనిషికి అదొక నీడ. ఆ ఉద్యోగం ఆమెకే రావాలని మా ఆఫీసులో టిఫిను తినే ప్రతివాడూ కోరుకున్నాడు, రేపటినుంచి పెసరట్టు దొరకదని తెలిసి కూడా.

మంత్రిగారు మీట నొక్కారు. యంత్రం కాసేపు గుర్రుమంది. శ్రీగౌరి పేరులోని మొదటి అక్షరాన్ని చూసి, పరాయి భాష మొదలైందనుకుంది. ఆ పరాయి భాష ఎక్కడ ముగుస్తుందా అని వెతుక్కుంటూ పోయింది. ఆమె తర్వాత ఉన్న పేర్లన్నీ, వీధి తర్వాత వీధి, అన్నీ పరాయి భాషే అనుకుని మింగుకుంటూ పోయి, చివరికి ఆగింది. తెర మీద పెద్ద అక్షరాలతో పడింది.

'శ్రీగౌరి. శుభం కొరకు నిరీక్షించుచున్నది.'

అందరూ చప్పట్లు కొట్టారు. శ్రీగౌరి మాత్రం తెర వంక చూసి మొహం చిట్లించింది.

"ఇదేంటండీ బాబూ? నేనెవరి కోసమూ నిరీక్షించట్లేదు. నాకు కాయితం కావాలండి."

"సాయంత్రం రామ్మా," అన్నాను.

సాయంత్రానికి ఊళ్లో సగం కుటుంబాలు కనిపించకుండా పోయాయి. ఎవరి పేరు నొక్కినా అదే మాట పడుతోంది. శ్రీగౌరి వీధిలో ఆమె తర్వాత ఉన్నవాళ్లంతా బండి దగ్గరికొచ్చి, నీ వల్లే మా పేర్లు పోయాయని దెబ్బలాడారు. ఆవిడ వాళ్లందరికీ టీ పోసి, నా దగ్గరికొచ్చి ఏడ్చింది. నాకు నా మీదే కోపం వచ్చింది గానీ, కాంట్రాక్టు మనిషి కోపం ఎవరికి పనికొస్తుంది?

మర్నాడు అత్యవసర సమావేశం జరిగింది. గుర్తు మార్చేద్దామండి అన్నాను. దానికి ఫైలు పెట్టమన్నారు. ఫైళ్లు కూడా అదే కంప్యూటరులో పెట్టాలి. 'శ్రీయుత కమిషనరు గారి సముఖమునకు' అని మొదలుపెట్టాను. ఆ ఫైలు ఇప్పటికీ శుభం కొరకు నిరీక్షించుచున్నది.

పేరులో శ్రీ గలవారు దానిని స్వచ్ఛందంగా త్యజించవలెనని సర్క్యులరు తయారుచేశారు. అయితే మంత్రిగారి పేరు శ్రీమన్నారాయణ. ఆయన పీఏ ఫోను చేసి రెండు ముక్కలు మాట్లాడాడు. సర్క్యులరు వెనక్కి తీసుకున్నారు.

"ప్రతి శ్రీ తర్వాత 'శుభం' అన్న మాట మనమే చేరుద్దాం," అన్నారు కమిషనరు గారు.

"అది నిబంధనలకు విరుద్ధమగును," అన్నారు వాచస్పతి గారు. "మన పట్టికలో సజీవులైన వ్యక్తుల పేర్లు మాత్రమే ఉండవలెను. శుభం వ్యక్తి కాదు."

అంతలో బయట వరండాలోంచి టైల్సు మేస్త్రీ కేక గట్టిగా వినబడింది.

"ఒరేయ్ శుభం! ఎక్కడ చచ్చావురా, సిమెంటు తే!"

కమిషనరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

లోపలికి తీసుకొచ్చిన కుర్రవాడికి పాతికేళ్లుంటాయి. ఉత్తరాదిన దర్భంగా నుంచి టైల్సు పనికొచ్చాడు. మోచేతుల దాకా సిమెంటు. ఏం తప్పు చేశానో అన్నట్టు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నీ పేరు?"

"శుభం, సార్. శుభం కుమార్."

"కుమార్ అనవసరమగును," అన్నారు వాచస్పతి గారు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

అప్పటికప్పుడే శుభాన్ని శ్రీగౌరి కుటుంబంలో ఆమె పేరు కింద సభ్యుడిగా చేర్చారు. 'సంబంధము' అన్న గడిలో ఏం రాయాలో తెలియక గుమస్తా 'ఇతరములు' అని రాశాడు. మీట నొక్కితే యంత్రం శ్రీ దగ్గర మొదలుపెట్టి, శుభం దగ్గర ఆగి, హాయిగా నిట్టూర్చి కాగితం వదిలింది. మధ్యలో ఉన్న వివరాలు దానికి అర్థం కాకపోయినా, ఉన్నవి ఉన్నట్టు అచ్చువేసి, కింద వాచస్పతి గారు రాసిన ముక్క చేర్చింది. 'పై విషయము అన్యభాష. యంత్రము గ్రహించజాలదు. అయినను ధ్రువీకరించడమైనది.'

శ్రీగౌరి ఆ కాగితం పట్టుకుని హాస్టల్లో చేరిపోయింది. నెలాఖరున వాళ్లు కంప్యూటరులో మరోసారి సరిచూసుకుని ఖాయం చేస్తామన్నారు. అప్పటిదాకా పొద్దున పూట బండి, తర్వాత హాస్టలు.

శుభం అదృష్టం చూడాలి మరి. శ్రీ ఉన్న ప్రతి కుటుంబంలోనూ అతన్ని సభ్యుడిగా చేర్చారు. 'రాష్ట్ర సమాప్తి అధికారి, ఇన్‌చార్జి' అని హోదా ఇచ్చి కుర్చీ వేశారు. వరండాలో టైల్సు సగంలో ఆగిపోయాయి. ఊరు వెళ్తానంటే సెలవు మంజూరు కాలేదు, అతను లేకపోతే ప్రభుత్వం ముగియదని. ఎక్కడెక్కడి కుటుంబాల నుంచో ఫోన్లు రావడం మొదలైంది. ఒక పెద్దాయన, ఇంట్లో సభ్యుడివై ఉండి నా మోకాలి ఆపరేషనుకు ఒక్కసారైనా తొంగిచూశావా అని చీవాట్లు పెట్టాడు. ఎవరో ఆవిడ, అన్నవై ఉండి చెల్లెలికి చీరైనా పెట్టవా అంది. అతను ఫోను చెవి దగ్గర పెట్టుకుని "తప్పు, తప్పు, మాఫీ అండీ" అంటుండేవాడు.

ఇన్ని కుటుంబాలున్నా, తిండి మాత్రం శ్రీగౌరి బండి దగ్గరే. పొద్దున్నే నేను కూడా అక్కడే ఉండేవాణ్ణి, కాబట్టి విన్నాను.

"మేడమ్, ఔర్ ఏక్ పెసరట్టు వెయ్యండి. థోడా అల్లం జ్యాదా."

"నిన్న జ్యాదా వేస్తే మంటని ఎగిరావు కదయ్యా. ఆజ్ కూడా ఎగురుతావా ఏంటి?"

"ఎగురుతాను. అచ్ఛా లగ్తా హై, బాగుంటుంది."

ఒకరి భాషలో ఒకరి భాష ఇట్టే ఇమిడిపోతోంది. ఎక్కడ మొదలో ఎక్కడ ఆఖరో ఎవరూ గుర్తు పెట్టడం లేదు. ఒక్క తప్పూ దొర్లడం లేదు. మా శాఖ ఇంత హంగామా చేసి చెయ్యలేకపోయిన పని అక్కడ పెనం పక్కన జరిగిపోతోందని అనుకున్నాను గానీ, అతను మిగతా ఆడవాళ్లందరినీ 'అక్కా' అని, ఆమెను మాత్రం 'మేడమ్' అని ఎందుకంటున్నాడో ఆలోచించలేదు. ప్రోగ్రామర్లకు ఇలాంటివి ఆలస్యంగా వెలుగుతాయి.

నెలాఖరు దగ్గర పడుతుండగా పౌరసరఫరాల శాఖ నుంచి లేఖ వచ్చింది. 'శుభం అను వ్యక్తి రాష్ట్రమందలి అసంఖ్యాక కుటుంబములలో ఏకకాలమున అన్నము భుజించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. అతని ఆకలి గూర్చి విచారణ జరుపవలెను.' దాని వెనకే ఉత్తర్వు వచ్చింది. ఒక మనిషి ఒక్క కుటుంబంలోనే ఉండాలి. మిగతా అన్నిటినుంచీ తక్షణమే తొలగించాలి.

ఏ కుటుంబం అన్నది కమిషనరు గారు క్షణంలో తేల్చేశారు. మంత్రి శ్రీమన్నారాయణ గారి కుటుంబం. శ్రీగౌరి పేరు మళ్లీ నిరీక్షణలో పడుతుందని, హాస్టలు వాళ్లు మర్నాడే సరిచూస్తారని, ఉద్యోగం పోతుందని చెప్పాను.

"రాష్ట్ర ప్రయోజనాల ముందు పెసరట్టు ప్రయోజనాలా ఫణీంద్రా?" అన్నారాయన.

నాకు ఒళ్లు మండింది. మండి, ఒక మంచి పని చేశాను. బండి దగ్గరికెళ్లి ఉన్న సంగతి శ్రీగౌరికి చెప్పాను. ఆమె పెనం మీద నీళ్లు చల్లి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ నా వెనకే వచ్చింది.

మేం వెళ్లేసరికి శుభాన్ని బల్ల ముందు నిలబెట్టి సంతకం అడుగుతున్నారు.

"నువ్వు అదృష్టవంతుడివి," అంటున్నారు కమిషనరు గారు. "మంత్రిగారి ఇంటి సభ్యుడివవుతావు. ఇక్కడ పెట్టు సంతకం."

శుభం కలం తీసుకోలేదు.

"సార్, నాకు చాలా ఘర్ ఇచ్చారు మీరు. అందరూ ఫోన్ చేసి తిడతారు. ఎవరూ తిన్నావా అని అడగరు. ఒక్క ఘర్‌లోనే అడుగుతారు, రోజూ. ఒకటే ఇవ్వాలి అంటే, నాకు అదే ఇవ్వండి."

"ఏ ఇల్లు?"

శుభం గుమ్మం వైపు చూశాడు. చూసి, చెవులదాకా ఎర్రబడ్డాడు.

"బానే ఉంది వరస," అంది శ్రీగౌరి. "కమిషనరు గార్ని అడుగుతావేంటి? ముందు నన్నడగాలి కదా?"

"అడగాలని రోజూ వస్తాను. పెసరట్టు అడిగి వెళ్లిపోతాను."

శ్రీగౌరి వరండాలో అతను సగం పరిచి వదిలేసిన టైల్సు వంక చూసింది. తర్వాత గుమస్తా వైపు తిరిగింది.

"ఏమండీ గుమస్తా గారూ, ఆ సంబంధం గడిలో ఇతరములని రాశారంట కదా. అది కొట్టేసి, పద్ధతిగా ఉండేది రాయండి. ఉద్యోగం కోసం అనుకునేరు. ఉద్యోగం పోతే బండుందండి నాకు."

నిబంధనలు తిరగేశారు. భర్తను భార్య కుటుంబంలోంచి తీసి మంత్రిగారి కుటుంబంలో వేసే అధికారం మా శాఖకు ఎక్కడా దొరకలేదు. కమిషనరు గారు చాలాసేపు వెతికించారు.

ఆ సాయంత్రమే రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పడింది. హాస్టలు వాళ్లు మర్నాడు సరిచూసుకున్నారు, ఉద్యోగం ఖాయమైంది. మంత్రిగారు మాత్రం ఇంకా నిరీక్షించుచున్నారు. మా శాఖ పేపర్లో ప్రకటన వేసింది: 'కావలెను. శుభం అను పేరుగల సజీవ వ్యక్తులు, కుటుంబమునకు ఒకరు చొప్పున. తెలుగు రానవసరం లేదు.'

పెళ్లయ్యాక వాళ్లిద్దరూ వివాహ పత్రం కోసం, అదీ మా దగ్గరే అచ్చు పడుతుంది కాబట్టి, మా కంప్యూటరు దగ్గరికే వచ్చారు. నేనే మీట నొక్కాను. పైన శ్రీగౌరి, కింద శుభం, మధ్యలో ఊళ్లూ తేదీలూ అచ్చయి, అడుగున మామూలు ముక్క పడింది. 'పై విషయము అన్యభాష. యంత్రము గ్రహించజాలదు. అయినను ధ్రువీకరించడమైనది.'

నాకు సిగ్గేసింది. పెళ్లి కాగితం మీద ఇలాంటి రాతేమిటి, చేత్తో కొట్టేసి ఇస్తానని కలం తీశాను.

శ్రీగౌరి కాగితం లాక్కుని మళ్లీ చదివింది.

"ఉంచండి," అంది. "మా ఇద్దరి మధ్యా ఉన్నది దానికి అర్థమవ్వాలని ఏముందండి?"